రెండు వందల గంటలు



నేను ముప్ఫై మూడేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఆఖరి పదేళ్లూ అప్పుల సెక్షన్లోనే గడిచాయి. పిల్లల ఇంజనీరింగ్‌కి, మెడిసిన్‌కి, అమెరికాలో ఎమ్మెస్‌కి అప్పు కావాలని వచ్చిన తల్లిదండ్రుల్ని వందల మందిని చూశాను. వాళ్లకు కనీసం కాలేజీ అంటే ఏమిటో తెలుసు. నాలుగేళ్లకు ఎన్ని సెమిస్టర్లో, ఎప్పుడు ఎంత కట్టాలో తెలుసు. పైలట్ చదువుకి అప్పు కావాలని వచ్చినవాళ్లు మాత్రం నా ఎదురుగా కూర్చుని, "సార్, అసలు దేనికి ఇంత అవుతుంది?" అని నన్నే అడిగేవాళ్లు. అప్పట్లో నా దగ్గర సరైన జవాబు ఉండేది కాదు. ఆ జవాబు మా సొంత ఇంట్లోనే నేర్చుకోవాల్సి వచ్చింది.

ఒక సంక్రాంతికి ఖమ్మంలో మా తమ్ముడింటికి వెళ్లాను. వాడి కూతురు అప్పుడు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు చదువుతోంది. భోజనాలయ్యాక నన్ను డాబా మీదికి తీసుకెళ్లి, "పెదనాన్నా, నాన్నకి ఇప్పుడే చెప్పొద్దు" అంటూ ఒక రంగుల కాగితం చేతిలో పెట్టింది. తెల్ల చొక్కా, భుజాల మీద బంగారు చారలు, వెనకాల చిన్న విమానం. కింద పెద్ద అక్షరాల్లో '200 గంటలు, 12 నెలలు' అని ఉంది. దాని కింద ఫీజు.

ఆ రెండు అంకెల్లో మొదటిది చట్టం పెట్టింది, రెండోది స్కూలువాళ్లు పెట్టింది. ఈ తేడా తెలియకనే ఎన్నో కుటుంబాలు దెబ్బతింటున్నాయి. ఈ పూట నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఈ సంగతే.

మన దేశంలో పైలట్ లైసెన్సులిచ్చేది డీజీసీఏ, అంటే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్. జీతం తీసుకుని విమానం నడపాలంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలి. దానికి 18 ఏళ్లు నిండాలి. ఇంటర్లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. బైపీసీ, కామర్స్ చదివిన పిల్లలు ఓపెన్ స్కూల్లో ఆ రెండు సబ్జెక్టులూ రాసి వస్తుంటారు. ఆపైన మొత్తం 200 గంటల ఫ్లయింగ్ అయి ఉండాలి. అందులో 100 గంటలు విమానం బాధ్యత మొత్తం తనదిగా నడపాలి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లే ప్రయాణాలు కొన్ని గంటలు. వాటిలో ఒకటి కనీసం 300 నాటికల్ మైళ్లది, దారిలో రెండు వేరు వేరు విమానాశ్రయాల్లో దిగి ఆగాలి. రాత్రిపూట 5 గంటలు. బయటికి చూడకుండా మీటర్ల మీదే నడపడం 10 గంటలు. సరదాకి సొంతంగా నడుపుకునే ప్రైవేట్ లైసెన్సయితే 17 ఏళ్లు, 40 గంటలు చాలు. కానీ దాంతో ఉద్యోగం రాదు.

ఇప్పుడు ఆ గంట ఏమిటో చూద్దాం. శిక్షణ విమానం అంటే ఎక్కువగా సెస్నా 152, సెస్నా 172. మొదటిదాంట్లో రెండు సీట్లు, రెండోదాంట్లో నాలుగు. ఒకే ఇంజను. ముందు తిరిగే ఫ్యాను. 172 అయితే గంటకి దాదాపు 35 లీటర్ల పెట్రోలు తాగుతుంది. ఆ పెట్రోలు మన బంకుల్లో దొరికేది కాదు. ఏవ్‌గ్యాస్ అంటారు, విమానాలకే ప్రత్యేకం. 2022 వరకూ దాన్ని పూర్తిగా విదేశాల నుంచి తెచ్చుకునేవాళ్లం. ఆ ఏడాది ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదర రిఫైనరీలో తయారీ మొదలుపెట్టింది. ఇక ఇంజను. రెండు వేల గంటలు తిరిగితే దాన్ని మొత్తం విప్పి బాగుచేయాలి, సామాను బయటి నుంచే రావాలి. ప్రతి 100 గంటలకీ తనిఖీ. దీనికి తోడు బీమా, ఇన్‌స్ట్రక్టర్ జీతం, షెడ్డు అద్దె. ఇవన్నీ ఆ గంటలోనే కలుస్తాయి.

గంట ఎప్పుడు మొదలవుతుందో తెలుసా? చక్రాలు నేల వదిలినప్పుడు కాదు. ఎగరడానికని విమానం కదలడం మొదలైనప్పటి నుంచి. ఇంజను ఎంతసేపు తిరిగిందో చూపే మీటరూ విమానాల్లో ఉంటుంది. రన్‌వే ఖాళీ లేక పది నిమిషాలు పక్కన ఆగినా మీటరు తిరుగుతూనే ఉంటుంది, బిల్లు పెరుగుతూనే ఉంటుంది. ఖాళీ ఎయిర్‌స్ట్రిప్‌లో గంటకి ఎనిమిది తొమ్మిది సార్లు లేచి దిగడం నేర్చుకోవచ్చు. పెద్ద విమానాలు వచ్చిపోయే చోటయితే అదే గంటలో నాలుగుసార్లు కూడా కుదరకపోవచ్చు. అదే డబ్బు, సగం చదువు. స్కూలు ఎంచుకునేటప్పుడు ఫీజు తక్కువా ఎక్కువా అన్నదానికంటే ముందు రన్‌వే మీద ఇంకెవరెవరు తిరుగుతున్నారో చూడమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

డబ్బు లెక్కకి వద్దాం. గంటకి 18 వేలు అనుకుంటే 200 గంటలకి 36 లక్షలు. రెండు ఇంజన్ల విమానం మీద చేసే గంటలకి రేటు ఇంకా ఎక్కువ. హాస్టలు, యూనిఫాం, పుస్తకాలు, హెడ్‌సెట్, పరీక్షల ఫీజులు, పరీక్షలకి కోచింగ్ కలిపితే మన దేశంలో ఈరోజుల్లో 45 నుంచి 60 లక్షల మధ్య ఎక్కడో తేలుతుంది. అక్కడితో అయిపోయిందనుకుంటారు. లైసెన్సు చేతికొచ్చాక ఎయిర్‌బస్ 320 గానీ బోయింగ్ 737 గానీ నడపాలంటే ఆ రకం విమానానికి వేరే శిక్షణ కావాలి. టైప్ రేటింగ్ అంటారు. అది సిమ్యులేటర్లో జరిగే పని. దానికి మరో 12 లక్షల నుంచి 20 లక్షలు, ఒక్కోసారి ఇంకా పైన. విమాన సంస్థలే మొదటి నుంచీ చేయి పట్టుకుని నడిపించే కేడెట్ ప్రోగ్రాములున్నాయి. వాటిలో మొత్తం కోటి దాటినవీ ఉన్నాయి.

ఇవేవీ కట్టకముందు చేయాల్సిన పని ఒకటుంది. అది అయ్యేదాకా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి. అది మెడికల్.

నా సర్వీసులో నేను మరిచిపోలేని కేసు ఒకటి ఉంది. ఒక కుర్రాడు, చాలా చురుకైనవాడు, మ్యాథ్స్‌లో నూటికి తొంభై ఎనిమిది. తండ్రి చిన్న కిరాణా కొట్టు నడిపేవాడు. అప్పు కోసం నా దగ్గరికి వచ్చేసరికే ఒక ఫ్లయింగ్ స్కూలుకి 4 లక్షలు అడ్వాన్సు కట్టేశారు. మెడికల్ సర్టిఫికెట్ ఏదని అడిగితే, అది తర్వాత చేయిస్తారట అన్నారు. నెల తిరిగాక ఆ తండ్రి ఒక్కడే వచ్చాడు. కళ్ల పరీక్షలో డాక్టరు చుక్కల బొమ్మల పుస్తకం తెరిచి, ఇందులో ఏ అంకె ఉందో చెప్పమన్నారట. అబ్బాయికి ఏ అంకే కనబడలేదు. పదిహేడేళ్లు వచ్చేదాకా తనకి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదని వాడికీ తెలియదు, ఇంట్లోవాళ్లకీ తెలియదు. విమానం ఎడమ రెక్క చివర ఎర్ర దీపం, కుడి రెక్క చివర ఆకుపచ్చ దీపం ఉంటాయి. రేడియో పనిచేయకపోతే కంట్రోల్ టవరు నుంచి చూపించేవీ రంగు దీపాలే. రంగులు తెలియాలన్న నిబంధన ఊరికే పెట్టింది కాదు. ఆ 4 లక్షలు మాత్రం వెనక్కి రాలేదు. ఆ తండ్రి నా టేబుల్ ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

అందుకే మా తమ్ముడి అమ్మాయి విషయంలో మొదటి పని అదే చేయించాను. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల దగ్గర ముందు క్లాస్ టూ, తర్వాత క్లాస్ వన్. చూపు, వినికిడి, గుండె, రక్తం అన్నీ చూస్తారు. కళ్లజోడు ఉంటే పనికిరారన్నది అపోహ. అద్దాలతో చూపు సరిగ్గా వస్తే చాలు. మా పిల్లకీ కళ్లజోడుంది. క్లాస్ వన్ చేతికి వచ్చిన రోజే మా తమ్ముడికి విషయం చెప్పాం.

వాడికంటే ముందు మా అమ్మ అడ్డం తిరిగింది. ఆడపిల్లకి విమానమేమిట్రా అంది. అప్పుడు ఆవిడకి ప్రేమ్ మాథుర్ కథ చెప్పాను. 1947లో కమర్షియల్ లైసెన్సు తెచ్చుకున్న మహిళ. ఆడవాళ్లని పైలట్లుగా తీసుకోబోమని కంపెనీల మీద కంపెనీలు తిప్పి పంపేస్తే, ఉద్యోగమిచ్చింది మన హైదరాబాదు కంపెనీ డెక్కన్ ఎయిర్‌వేస్. 1949లో జాతీయ స్థాయి విమాన పందెంలోనూ ఆమే గెలిచింది. ఆ కంపెనీ విమానాలు తిరిగిన బేగంపేట రన్‌వేకి అంత చరిత్ర ఉంది. మా అమ్మ అంతా విని, "అయితే ఆ అమ్మాయికి పెళ్లయిందా?" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత ఇక అడ్డు చెప్పలేదు.

స్కూలు చూడటానికి మేం ముగ్గురం తెల్లవారుజామున ఐదున్నరకే వెళ్లి నిలబడ్డాం. ఆఫీసు తెరిచే వేళకి వెళ్తే కాఫీ ఇస్తారు, ఏసీ గదిలో కూర్చోబెడతారు. తెల్లవారుజామున వెళ్తే విమానాలు కనబడతాయి. షెడ్డులో ఎన్ని ఉన్నాయి, వాటిలో ఎన్ని బయటికొచ్చాయి, ఎన్ని ఇంజను లేకుండా గుడ్డ కప్పుకుని మూలన ఉన్నాయి, అదీ చూడాల్సింది. ఒక విద్యార్థి రెక్క కిందికి వంగి, చేతిలో ఉన్న చిన్న గాజు గొట్టంలోకి కొంచెం పెట్రోలు పట్టాడు. దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. లేత నీలం రంగు. రాత్రి చల్లదనానికి ట్యాంకులో తేమ చేరితే నీళ్లు అడుగుకి దిగి గోళీల్లా కనబడతాయట. అలా కనబడితే మళ్లీ వంచాలి, మళ్లీ చూడాలి. ఆ అబ్బాయి మూడుసార్లు పట్టాడు, మూడుసార్లూ చూశాడు. ఇన్‌స్ట్రక్టర్ దూరంగా నిలబడి చూస్తున్నాడు గానీ తొందరపెట్టలేదు. మా తమ్ముడు నా చెవిలో, "అన్నయ్యా, ఇక్కడ చేరుద్దాం" అన్నాడు. నాకూ అదే అనిపించింది. అయినా బ్యాంకు బుద్ధి ఊరుకోదు కదా, అడగాల్సినవి అడిగాను.

పోయిన నెల మొత్తం స్కూలు ఎన్ని గంటలు ఎగిరింది? ఎంతమంది విద్యార్థులున్నారు? ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే నెలకి ఒక్కొక్కరికి ఎన్ని గంటలో వస్తుంది. నెలకి 8 గంటలు వస్తే 200 గంటలకి 25 నెలలు. 17 వస్తేనే ఆ కాగితంలో రాసిన 12 నెలలు నిజమవుతాయి. ఈ భాగహారం చేయడానికి పైలట్ అక్కర్లేదు. కానీ అడ్మిషన్ హడావిడిలో ఏ తండ్రీ ఈ ప్రశ్న వేయడు. అంకె చెప్పడానికి స్కూలువాళ్లు నీళ్లు నమిలితే వచ్చిన దారినే వెనక్కి రండి. డీజీసీఏ కూడా 2025 అక్టోబరు నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకి ర్యాంకులివ్వడం మొదలుపెట్టింది. భద్రతతో పాటు, ఎంత మందికి ఎన్ని విమానాలున్నాయి, 200 గంటలు ఎంత కాలంలో పూర్తి చేయిస్తున్నారు అన్నవీ అందులో చూస్తారు. మొదటి జాబితాలో ఏ ప్లస్, ఏ తరగతుల్లో ఒక్క స్కూలూ లేదు. ఆ జాబితా చూడకుండా ఎవరూ సంతకం పెట్టకూడదు.

ఇక డబ్బు కట్టే పద్ధతి. మొత్తం ముందే కడితే 3 లక్షలు తగ్గిస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎగిరిన గంటలకి తగ్గట్టు వాయిదాల్లో కడతామన్నాను. రెండు రోజులు బేరం నడిచింది. చివరికి 25 గంటలకొక వాయిదా అని రాసుకున్నాం. ఆ కాగితం విలువ తర్వాత తెలిసింది. మా అమ్మాయి 118 గంటల దగ్గర ఉండగా రెండు విమానాలు ఒకేసారి ఇంజను పనికి నిలిచిపోయాయి. సామాను రావడానికి మూడు నెలలు పట్టింది. మొత్తం ముందే కట్టినవాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. మాకు కట్టని డబ్బు మా దగ్గరే ఉంది. అయినా నష్టం తప్పలేదు. మూడు నెలలు ఎగరకపోతే చేతి అలవాటు పోతుంది. మళ్లీ మొదలుపెట్టిన మొదటి నాలుగైదు గంటలు పాతవి గుర్తు చేసుకోవడానికే సరిపోయాయి. అవీ డబ్బులే.

వాతావరణం సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర పదిన్నర దాటితే గాలి వేడెక్కి పలచబడుతుంది. చిన్న విమానం పైకి ఎక్కడానికి ఆయాసపడుతుంది, కుదుపులూ ఎక్కువ. పనంతా పొద్దున్నే. వానాకాలంలో మబ్బు కిందికి దిగితే రోజుల తరబడి ఎగరడం ఉండదు. ఉత్తరాదిన చలికాలం పొగమంచు ఇంతే. ఆ ఖాళీ రోజుల్ని మా అమ్మాయి పరీక్షలకి వాడుకుంది. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, నిబంధనలు, విమానం సాంకేతిక విషయాలు, అన్నిట్లోనూ నూటికి 70 రావాలి. అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టేది రేడియోలో మాట్లాడే పరీక్ష. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు అక్కడ బిగుసుకుపోతారు. మా పిల్ల సెలవులకి వచ్చినప్పుడు వంటింట్లో గట్టున కూర్చుని, మన దేశపు పౌర విమానాలన్నిటి పేర్ల ముందూ ఉండే వీటీ అన్న రెండక్షరాల్ని "విక్టర్ టాంగో" అని మొదలుపెట్టి గుక్క తిప్పుకోకుండా చెప్పేది. పప్పు పోపు వేస్తూ మా మరదలు టవర్లా జవాబిచ్చేది. నెల రోజుల్లో ఆవిడకీ సగం వచ్చేసింది.

భయం గురించి కూడా దాచకుండా చెప్పాలి. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో ఒక శిక్షణ విమానం పొలాల్లో కూలి, ఒంటరిగా నడుపుతున్న విద్యార్థిని చనిపోయింది. ఆ ఊరు మా దారిలోనే ఉంది. అటుగా వెళ్లిన ప్రతిసారీ మా తమ్ముడు కిటికీలోంచి పొలాల వైపు చూస్తూ మాట్లాడటం ఆపేసేవాడు. ఈ చదువుకి పంపే ఇల్లు ఆ భయంతోనే బతకాలి. అందుకే పెట్రోలు మూడుసార్లు పట్టి చూసే స్కూలా కాదా అన్నది 3 లక్షల తగ్గింపుకంటే నాకు ముఖ్యం.

అప్పు మాటకొస్తాను. ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకి బ్యాంకులు మామూలుగా తాకట్టు అడుగుతాయి. మనవాళ్లు పొలం కాగితాలు పట్టుకొస్తారు. సాగుభూమిని, తాకట్టు ఆస్తుల వసూలుకున్న సర్ఫేసీ చట్టం కింద వేలం వేయడం కుదరదు కాబట్టి బ్యాంకులు దాని మీద వెనకాడి ఇల్లు అడుగుతాయి. 50 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్లకి తీసుకుంటే నెలకి దాదాపు 69 వేలు. చదువుకునే కాలంలో పడే వడ్డీ వేరు. లైసెన్సు రాగానే ఉద్యోగం వస్తుందని ఆ 69 వేల మీద లెక్కలు వేసుకోకండి. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలు, ఇండిగో 500 విమానాలు ఆర్డరిచ్చాయని పేపర్లో చదివి ఆశపడతాం. అదే ఏడు మే నెలలో గో ఫస్ట్ ఆగిపోయింది. 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. వాటిలో పనిచేసిన అనుభవజ్ఞులైన పైలట్లంతా కొత్తవాళ్లతో పాటు అదే లైన్లోకి వచ్చారు. లైసెన్సొచ్చాక ఏడాది, రెండేళ్లు ఎదురుచూసినవాళ్లు నాకు తెలుసు. ఆ కాలంలోనూ మెడికల్ రెన్యువల్ ఉంటుంది, చేతి అలవాటు పోకుండా ఎగరాల్సిన గంటలుంటాయి. కాబట్టి ఉన్న ఒక్క ఇల్లు పెట్టి ఈ అప్పు చేయవద్దని నా సలహా. మా తమ్ముడు ఎకరంన్నర అమ్మాడు, మిగతాది నేనూ మా చెల్లెలూ సర్దాం, కొంతే బ్యాంకు అప్పు.

అంత తాహతు లేని ఇళ్లలో పిల్లలకి ఆకాశం మూసుకుపోయిందా అంటే, లేదు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరిన కేడెట్లకి మైక్రోలైట్ విమానం మీద ఎగిరే అవకాశం ఖర్చు లేకుండా దొరుకుతుంది. పిల్లకి నిజంగా ఇష్టమా, కళ్లు తిరుగుతాయా అన్నది అక్కడే తేలిపోతుంది. ఎన్‌డీఏ పరీక్ష రాసి వైమానిక దళానికి వెళ్తే ప్రభుత్వమే నేర్పిస్తుంది, స్టైపెండిచ్చి మరీ. ఆ శిక్షణ ఇచ్చే దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ మన హైదరాబాదు పక్కనే ఉంది. అమ్మాయిలకీ ఇప్పుడు ఎన్‌డీఏలో చోటుంది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు కోర్సుల్లో కమర్షియల్ పైలట్ లైసెన్సూ ఉంది. జిల్లా సంక్షేమ కార్యాలయంలో ఈ సంగతి అడిగేవాళ్లే తక్కువ. అమెరికా వెళ్లి త్వరగా ముగించుకొచ్చేవాళ్లూ ఉన్నారు. అక్కడ వాతావరణం, విమానాలు అనుకూలం. కానీ తిరిగొచ్చాక డీజీసీఏ పరీక్షలు రాసి లైసెన్సు మార్చుకోవాలి, ఆ నెలల ఖర్చు కూడా ముందే పక్కన పెట్టుకోవాలి.

మా అమ్మాయికి 200 గంటలు పూర్తవడానికి 21 నెలలు పట్టింది. ఇప్పుడు లైసెన్సు ఉంది, ఉద్యోగం ఇంకా రాలేదు. జూనియర్లకి పాఠాలు చెబుతోంది. టైప్ రేటింగ్ ఇప్పుడే చేయించాలా, ఉద్యోగం పిలుపు వచ్చాక చేయించాలా అని మేం ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాం. నేను ఆగమనే అంటున్నాను.

మా తమ్ముడు ఈ చదువు తాలూకు బిల్లులన్నీ ఒక ఫైల్లో వరసగా పెట్టాడు. అందులో ఒక్కటి మాత్రం కనబడలేదు. పద్దెనిమిదో గంట దగ్గర ఒక ఉదయం ఇన్‌స్ట్రక్టర్ రన్‌వే పక్కన విమానం ఆపించి, తలుపు తీసుకుని దిగిపోయాడట. "ఒక్క రౌండు వేసి రామ్మా" అన్నాడట. పక్క సీటు ఖాళీ. బరువు తగ్గడంతో విమానం తను అనుకున్నదానికంటే ముందే నేల వదిలిందని చెప్పింది. ఒక్కతే ఎగిరి, ఒక్కతే దిగింది. లాగ్‌బుక్‌లో ఆ గడిలో పది నిమిషాలు అని ఉంది. గంటకి 18 వేల చొప్పున పది నిమిషాలకి 3 వేలు. ఆ 3 వేల బిల్లు ఏదిరా అని అడిగితే, మా తమ్ముడు లేచి వెళ్లి దేవుడి గదిలోంచి తీసుకొచ్చి చూపించాడు.